తిరుపతి ఎండకు, చిత్తూరు వానకు తగిన ఇల్లు: గీత గీయక ముందు నుంచి గృహప్రవేశం దాకా

తిరుపతి చుట్టుపక్కల కొత్తగా లేస్తున్న ఇళ్లలో డబ్బు ఏ వరసలో ఖర్చవుతోందో గమనించండి. ముందు స్తంభాలు, స్లాబు. తర్వాత ముందు గోడకు అద్దాలు, గ్రానైటు. మే నెల రాగానే ఏసీ. మరుసటి ఏడాది మిద్దె మీద రేకుల షెడ్డు. అంటే అన్నిటికన్నా చివర కొంటున్నది నీడను. ఈ వరసను తిరగవేయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందు నీడకు డబ్బు పెట్టండి, తర్వాత గాలికి, ఆ తర్వాత నీటి దారికి. ఈ మూడూ కుదిరాక మిగిలినది అందానికి. సొంతిల్లు కట్టుకునేవారికే కాదు, ఊళ్లో అంగన్‌వాడీయో బడో కమ్యూనిటీ హాలో కట్టించే పెద్దలకూ ఇదే మాట.

మీ ఊరు ఏ ఎత్తులో ఉందో చూసుకోండి

పాత చిత్తూరు జిల్లా అంతటా వాతావరణం ఒక్కటి కాదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, పలమనేరు, మదనపల్లె 700 మీటర్లకు దగ్గరగా ఉన్నాయి. ఆ పడమటి మండలాల్లో వేసవిలో కూడా రాత్రికి గాలి చల్లబడుతుంది. అక్కడ మందమైన గోడ బాగా పని చేస్తుంది. పగలంతా వేడిని తనలో పట్టి ఉంచుకుని, రాత్రి తెరిచిన కిటికీల్లోంచి వచ్చే చల్లగాలికి వదిలేస్తుంది. సత్యవేడు, దాని అవతల పాత నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట వైపు సముద్రం దగ్గర. గాలిలో తేమ ఎక్కువ, పొద్దుపోయినా ఉక్క తగ్గదు. అక్కడ మందం కన్నా గాలి ముఖ్యం.

తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి ఈ రెండింటి నడుమ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ, సెప్టెంబరులో ఉక్కపోత, నవంబరులో రోజుల తరబడి ముసురు. కాబట్టి ఇక్కడి ఇంటికి మూసుకోవడమూ తెలియాలి, తెరుచుకోవడమూ తెలియాలి. వేసవి పగలు కిటికీలు మూసి, తెరలు దించి వేడిని బయటే ఆపాలి. సాయంత్రం నుంచి తెల్లవారే దాకా అన్నీ బార్లా తెరవాలి. తెరవడానికి వీల్లేని అద్దాల గోడ ఈ ఊరికి పనికిరాదు. బెంగళూరులో చుట్టాల ఇల్లు బాగుందని అదే ప్లాను తెచ్చుకునేవారు చాలామంది. ఆ నగరం 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ హాయినిచ్చే కిటికీ ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి పొయ్యి నోరవుతుంది.

స్థలంలో నిలబడండి

ఇంజనీరు దగ్గరికి వెళ్లే ముందు మీ స్థలంలో ఒక రోజు గడపండి. నాలుగడుగుల కర్ర నిట్టనిలువుగా పాతి పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టండి. పక్కింటి మూడంతస్తుల నీడ మీ స్థలం మీద ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు తొలగుతుందో కూడా రాసుకోండి. పడమర పక్కన ఎత్తయిన ఇల్లు ఉంటే దాన్ని తిట్టుకోకండి. అది ఖర్చు లేకుండా వచ్చిన నీడ.

ఇక్కడ ఒక విషయం చాలామంది ఇంజనీర్లు కూడా పట్టించుకోరు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 26, 27 తేదీల ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 16, 17 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రోజుల్లో పన్నెండు దాటిన పది పదిహేను నిమిషాలకు కర్ర దగ్గరికి వెళ్లి చూడండి. నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోయి ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య, అంటే మే, జూన్, జూలై నెలలంతా, మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ 21న నడినెత్తి నుంచి పది డిగ్రీలు ఉత్తరానికి వాలుతాడు. ఉత్తరపు కిటికీకి ఎండ తగలదు, సజ్జ అక్కర్లేదు అనే మాట ఉత్తరాది ఊళ్లకు సరిపోవచ్చు, మనకు సరిపోదు. ఉత్తరాన కూడా కనీసం అడుగున్నర సజ్జ వేయించండి.

గాలి కోసం పాత పంచె ముక్క ఒకటి కర్రకు కట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్యానికి మారుతుంది. వానా అటు నుంచే వస్తుంది. పాత జిల్లాలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు పైగా కురిసే వానలో సగానికి దగ్గరగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. కాబట్టి తూర్పు వాకిలి పెట్టుకునేవారు దాని ముందు లోతైన వసారా కూడా పెట్టుకోవాలి. లేదంటే కార్తీకమాసమంతా గడపలోకి జల్లు కొడుతూనే ఉంటుంది.

తర్వాత నీళ్లు. తిరుమల కొండ తిరుపతికి ఉత్తరాన ఉంది. దాని మీద కురిసిన వాన కపిలతీర్థం వైపు నుంచి ఊళ్లోకి దిగుతుంది. 2021 నవంబరు వానల్లో ఎంత నీరు దిగిందో, రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట గురించి ఎన్ని ఊళ్లు భయపడ్డాయో ఇక్కడివారికి గుర్తే. మీ వీధిలో పాతకాపులను అడగండి: ఆ నవంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? వారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు కనీసం అడుగున్నర పైన మీ బేస్‌మట్టం ఉండాలి. రెవెన్యూ పటంలో వంక, చెరువు కాలువ, అలుగు మీ సర్వే నంబరును ఎక్కడైనా తాకుతున్నాయేమో చూడండి. తాకుతుంటే ఎంత చవకైనా ఆ స్థలం కొనకండి. కాలువ పూడి, ముళ్లకంప మొలిచి, చూడటానికి ఖాళీ నేలలా ఉన్నా నీరు తన దారిని మరచిపోదు.

ఎవరుంటారు, ఎవరొస్తారు

ఎన్ని బెడ్‌రూములు అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఇంట్లో ఎవరు ఏ వేళ ఎక్కడ ఉంటారో కాగితం మీద రాయండి. తిరుపతిలో ఇల్లంటే మరో లెక్క ఉంది. కొండకు వచ్చే చుట్టాలు. ఏ ఇంటికైనా ఏడాదిలో ఎన్నోసార్లు రాత్రి పదకొండింటికి బస్సు దిగిన ఎనిమిది మంది గేటు తీసుకుని వస్తారు. ఇద్దరు ముసలివాళ్లు, ముగ్గురు పిల్లలు, సంచులు, నీళ్ల సీసాలు. తెల్లవారుజామున మూడింటికి లేచి వరసగా స్నానాలు. కొండ నుంచి దిగాక గుండు చేయించుకున్నవాళ్లకు మళ్లీ స్నానం. ఇంటివాళ్ల పిల్లలకేమో మర్నాడు పరీక్ష.

ఈ రాకపోకలను ప్లానులోనే పెట్టుకోవచ్చు. ముందు వసారా ఎనిమిదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉంటే ఆరుగురు పక్కపక్కన పడుకోవచ్చు. దానికి ఇనుప ఊచలు, దోమతెర, పైన రెండు ఫ్యాన్లు, గోడకు అరడజను ప్లగ్ పాయింట్లు. అటకలో చాపలు, బొంతలు. ఇంట్లోకి రాకుండానే వాడుకోగలిగేలా బయటికి తలుపున్న స్నానాలగది, మరుగుదొడ్డి. గేటు లోపల కాళ్లు కడుక్కోవడానికి ఒక కుళాయి, పక్కన చెప్పులు విడిచే గట్టు. ఇవన్నీ కలిపినా ఒక గది ఖర్చు కాదు. ఇవి ఉంటే లోపలి గదుల్లో నిద్రపోయేవారి నిద్ర చెడదు, వచ్చినవారికి మొహమాటమూ ఉండదు. వచ్చినవారు లేనినాడు ఆ వసారాయే ఇంటి ముంగిటి నీడ. గోడకు ఎండ తగలనివ్వదు.

వీధి వైపు ఒక తిన్నె ఉంచండి. కొత్త ఇళ్లలో కాంపౌండు గోడ వీధి అంచు దాకా జరిగి తిన్నె పోయింది. పెద్దవాళ్లు సాయంత్రం కూర్చోవడానికి చోటు లేక లోపల టీవీ ముందు చేరారు. గేటు పక్కన గోడలోనే పదిహేడు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున నాపరాయి పరిచిన తిన్నె, పైన చిన్న సజ్జ వేస్తే చాలు. ముగ్గు వేసే చోటు కూడా కాపాడుకోండి. కారు ఎక్కించడానికి వీధిలోకి పోసే సిమెంటు వాలు ముగ్గును మింగేస్తుంది, వీధి కాలువనూ మూసేస్తుంది. వాలు మీ గేటు లోపలే ఉండనివ్వండి.

పెద్దవారికి కింది అంతస్తులోనే గది. స్నానాలగదికి గడప వద్దు, తలుపు మూడడుగులు, గోడకు పట్టుకునే కడ్డీ. మిద్దె మీద వడియాలు, చింతపండు, వేరుశనగకాయలు ఎండబెట్టే ఇల్లైతే మెట్లు తీరుబడిగా ఎక్కేలా కట్టించండి. చుట్టు తిరిగే ఇనుప మెట్ల మీద గంపతో ఎక్కడం ప్రమాదం. వెంకటగిరి లాంటి చోట గుంత మగ్గం ఉన్న ఇంట్లో మగ్గం గదే ముఖ్యమైన గది. కంటికి గుచ్చుకోని ఉత్తరపు వెలుతురు కావాలి. దారం తెగకుండా గదిలో కాస్త తేమ ఉండాలి. వాన నీరు గుంతలోకి ఊరకుండా నేల ఎత్తు పెంచాలి. అలాంటి ఇంటికి హాలు కొలతతో మొదలయ్యే ప్లాను గీస్తే ఆ కుటుంబం బతుకుతెరువే ఇరుకున పడుతుంది.

గదులను సర్దండి

ఇక్కడ మామూలుగా దొరికే స్థలం 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. తిరుపతి లెక్కలో 36 చదరపు అడుగుల అంకణం చొప్పున ముప్పై మూడు అంకణాలు. ఇంత చిన్న స్థలంలోనూ ఒక సూత్రం పాటించవచ్చు. పడమర పక్కన మనుషులు ఎక్కువసేపు ఉండని వాటిని పెట్టండి. మెట్లు, స్నానాలగది, సామాన్ల గది, గోడ బీరువాలు. మధ్యాహ్నం ఎండ వాటిని దాటుకుని పడకగది గోడకు చేరేలోపు పొద్దు వాలుతుంది. వాస్తు చూసేవారికి ఇది ఇబ్బంది కాదు. నైరుతిలో బరువు ఉంచమనడం, ఈశాన్యం తెరిచి ఉంచమనడం ఇక్కడి ఎండకూ గాలికీ చక్కగా అతుకుతాయి. ఆగ్నేయంలో వంటిల్లు ఉంటే జూన్, జూలై నెలల్లో పడమటి గాలి పొయ్యి వేడిని ఇంట్లోకి రానీయకుండా బయటికి తోసేస్తుంది. వాస్తు సిద్ధాంతినీ ఇంజనీరునూ ఒకే రోజు, ఒకే కాగితం ముందు కూర్చోబెట్టండి. విడివిడిగా కలిస్తే గీసింది చెరపడమే పని.

ప్రతి గదికీ రెండు వైపుల తెరుపు ఉండాలి. గాలి వచ్చే దారి ఉండి పోయే దారి లేకపోతే అది రానే రాదు. రెండో వైపు కిటికీకి వీలు లేకపోతే తలుపు పైన వెంటిలేటరు పెట్టండి. ఇంటి నడుమ ఐదడుగుల చదరంలో ఆకాశం కనబడే ఖాళీ వదలగలిగితే వేడిగాలి పైకి పోతుంది, నడి గదులకు వెలుతురు వస్తుంది. పైన ఇనుప జల్లెడ, కింద నీరు పోయే తూము మాత్రం మరవకండి.

కిటికీలు, సజ్జలు

ఇళ్లకోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి ప్రకారం తెరుచుకునే భాగం, నేల వైశాల్యంలో ఉక్క ప్రాంతాల్లో ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు ఉండాలి. మనం ఆరో వంతు పట్టుకోవడమే మేలు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదికి 20 చదరపు అడుగులు. ఇక్కడే జనం మోసపోతున్నారు. పక్కకు జరిగే కిటికీలో సగమే తెరుచుకుంటుంది. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ అయినా గాలికి దొరికేది ఎనిమిది చదరపు అడుగులే. దోమతెర పెడితే అందులోనూ కొంత తగ్గుతుంది. రెక్కల కిటికీ పెట్టించండి. పూర్తిగా తెరుచుకుంటుంది, వాన రాగానే మూసుకోవచ్చు.

సజ్జ కొలత దిక్కును బట్టి మారాలి. నాలుగు వైపులా రెండడుగులు పోయించి వదిలేస్తే సగం సిమెంటు వృథా. దక్షిణపు కిటికీని తీసుకోండి. మార్చి మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు 76 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రెండడుగుల సజ్జ నీడ ఎనిమిదడుగుల కిందికి దిగుతుంది, కిటికీ మొత్తం భద్రం. డిసెంబరు 21న సూర్యుడు 53 డిగ్రీల దగ్గరుంటాడు, నీడ రెండున్నర అడుగులకు కాస్త మించుతుంది. కిటికీ కింది భాగంలోంచి కొంచెం ఎండ లోపలికి వస్తుంది. ధనుర్మాసంలో అది కావలసినదే.

పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు 32 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అదే రెండడుగుల సజ్జ అప్పుడు పదిహేను అంగుళాల నీడనే ఇస్తుంది. మిగతా కిటికీ అంతా ఎండలోనే. అంటే పడమటి ఎండను పైనుంచి కాదు, ఎదురుగా ఆపాలి. మట్టి జాలీలు, నిలువు పలకలు, తీగ పాకించిన పందిరి, లేదా అటు కిటికీయే లేకుండా పైన వెంటిలేటర్లు. ఖాళీ ఉంటే ఒక కానుగ మొక్క నాటండి. వేప మరీ మంచిది, దానికి మాత్రం ఎక్కువ చోటు కావాలి. గోడ దగ్గర రావి మొలిస్తే చిన్నప్పుడే తీసేయండి. అద్దె ఇళ్లలో ఉండేవారికి వట్టివేళ్ల తడికలు ఏప్రిల్, మే నెలల్లో బాగా పని చేస్తాయి. గాలి పొడిగా ఉన్నంతకాలమే వాటి చల్లదనం. సెప్టెంబరు ఉక్కలో తడిపితే ఇంకా ఉక్క పెరుగుతుంది.

పైకప్పు: డబ్బు ఇక్కడ పెట్టండి

ఒక అంతస్తు ఇంట్లో వేడి ఎక్కువగా దిగేది పైకప్పు నుంచి. నాలుగు గోడలకు ఒక్కొక్క వేళ నీడ ఉంటుంది, మిద్దెకు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏ నీడా ఉండదు. రాత్రి పదింటికి పడకగది స్లాబును చేత్తో తాకి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనాన్నే ఫ్యాను కిందికి కొడుతుంది. ఎకో నివాస్ సంహిత పైకప్పు నుంచి దిగే వేడికి ఒక పరిమితి పెట్టింది. ఒట్టి కాంక్రీటు స్లాబు ఆ పరిమితికి రెండింతలకు పైగా వేడిని లోపలికి వదులుతుంది. పక్కా స్లాబు పడింది కదా అని ఆగిపోయిన ఇళ్లన్నీ ఈ లెక్కలోనివే.

అందరికీ అందుబాటులో ఉన్నది సున్నం. మంచి సున్నాన్ని జల్లెడ పట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున పలుచగా కలిపి, పట్టు కోసం తెల్ల జిగురు కలపండి. మిద్దె ఊడ్చి, కడిగి, తడి ఆరకముందే ఒక పూత, అది ఆరాక అడ్డంగా రెండో పూత. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ పని ఉగాదికి ముందు చేయండి. ఈశాన్యపు వానలకు పూత చాలావరకు పోతుంది, మళ్లీ ఏడాది వేయాలి. ఏటేటా చేయలేమనుకుంటే తెల్ల పింగాణీ పెంకు ముక్కలు పరిపించండి. టైల్స్ కొట్ల దగ్గర పగిలినవి చవకగా దొరుకుతాయి. అతుకులు గట్టిగా నింపితే ఏళ్ల తరబడి ఉంటాయి, కారడమూ తగ్గుతుంది. రెండూ ఎండను తిప్పికొట్టేవే.

కొత్తగా కట్టేవారు ఇంకాస్త ముందుకు వెళ్లవచ్చు. స్లాబు మీద నీరు పీల్చని గట్టి థర్మోకోల్ రకం పలకను నాలుగు సెంటీమీటర్ల మందాన పరిచి, దాని మీద వాలు కాంక్రీటు, తెల్ల టైల్స్ వేస్తే ఆ పరిమితి లోపలికి సులభంగా వస్తారు. నా మాట వింటే ముందు గోడ గ్రానైటు మానేసి ఆ డబ్బు దీనికి పెట్టండి. సోలారు పలకలు పెట్టే ఉద్దేశం ఉంటే పడకగదుల పైన, స్లాబుకు రెండు మూడడుగుల ఎత్తున పెట్టించండి. కరెంటుతో పాటు నీడ వస్తుంది, కింద గాలి ఆడుతుంది.

పై అంతస్తు పోర్షన్ అద్దెకు ఇచ్చేవారికి ఒక విన్నపం. ఆ మండే కప్పు కింద ఉండేది చిన్న జీతాల కుటుంబాలు, కోచింగ్‌కు వచ్చిన పిల్లలు. మీరు కింద ఉంటారు కాబట్టి ఆ వేడి మీకు తెలియదు. ఏటా రెండు పూతల సున్నం వారికి మీరు ఇవ్వగలిగిన గొప్ప సదుపాయం.

గోడల మాట

చంద్రగిరి కోటలో రాజమహలు చూసే ఉంటారు. ఈసారి ఇల్లు కట్టేవారి కళ్లతో చూడండి. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టుబడిలో కలప లేదు. మందమైన గోడలు, లోతైన కమానుల వెనక కిటికీలు, ఒకదానికొకటి ఎదురుగా తెరుపులు. ఏప్రిల్ మధ్యాహ్నం బయటి రాతి మీద నుంచి లోపలికి అడుగుపెడితే ఆ కమానుల లోతు ఎందుకో ఒళ్లే చెబుతుంది. అంత మందం మనకు అక్కర్లేదు. ఆ లోతు కావాలి.

పడమటి గోడ ఒక్కటైనా తొమ్మిది అంగుళాలు పెట్టండి. నడుమ ఖాళీ వదిలి ఇటుకను నిలబెట్టి కట్టే ర్యాట్‌ట్రాప్ పద్ధతి తెలిసిన మేస్త్రి దొరికితే ఇటుకలు పావు వంతు మిగులుతాయి, లోపలి గాలి పొర వేడిని ఆపుతుంది. పద్ధతి రాని మేస్త్రితో బలవంతంగా చేయించకండి. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు ఇటుకలు వేడిని బాగా ఆపుతాయి, కాకపోతే చెమ్మ తగిలే చోట ప్లాస్టరింగు జాగ్రత్తగా ఉండాలి. బయట లేత రంగు చాలు. ముదురు నీలం, ఇటుక ఎరుపు పడమటి గోడకు వద్దు.

వాన నీరు

పది సెంటీమీటర్ల వాన పడితే వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 9,300 లీటర్లు చేరుతాయి. ఒక ట్యాంకరు లారీ కన్నా తక్కువేం కాదు. చిత్తూరు నేల కింద గట్టి రాయి. బోరులో నీరు నిలిచేది పైనున్న ముక్కరాతి పొరలో, రాతి పగుళ్లలో. అందుకే ఇక్కడ ఇంకించని వీధిలో బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండుతాయి. మిద్దెకు ప్రతి పదడుగులకు అంగుళమున్నర వాలు, నాలుగు వందల చదరపు అడుగులకు ఒక నాలుగంగుళాల పైపు పెట్టించండి. మొదటి జల్లు బయటికి వదిలి, తర్వాతి నీటిని జల్లెడ గుండా సంపులోకి, నిండాక పొర్లేదాన్ని ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంత పునాదికి పదడుగుల దూరంలో ఉండాలి. ఆవరణంతా సిమెంటు పోయకండి. కొంత మన్ను మిగలనివ్వండి.

ఊరందరి భవనం

ఇంటికి చెప్పినదంతా ఇక్కడా వర్తిస్తుంది, ఒక తేడాతో. ఇంట్లో ఇబ్బందిని ఇంటివాళ్లు సర్దుకుంటారు. ఊరి భవనంలో ఇబ్బందిపడినవాళ్లు నోరు విప్పరు, రావడం మానేస్తారు. కాబట్టి ప్లానుకు ముందు సమావేశం పెట్టండి, అందులో వాడేవాళ్లు ఉండాలి. అంగన్‌వాడీ అయితే ఆయా, తల్లులు. హాలు అయితే వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు. ఆడవాళ్లను వేరుగా, వారికి తీరిక ఉన్న వేళ అడగండి. మరుగుదొడ్డి ఎటు ఉండాలి, దాని తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నది వారే సరిగ్గా చెప్పగలరు.

నీడలో కూర్చోవడం గురించి తెలుసుకోవాలంటే అలిపిరి మెట్ల దారిలో కాసేపు ఆగండి. 3,550 మెట్ల ఆ దారిలో కప్పు ఉంది, గోడలు లేవు. అలసిన జనం ఎక్కడ కూర్చుంటారో చూడండి. స్తంభం దిమ్మెల దగ్గర, గట్ల అంచున. వెన్నుకు ఆనుకునే చోటు, పైన నీడ, పక్క నుంచి గాలి, ఎదుట నడిచే మనుషులు. సచివాలయం ముందైనా ఆసుపత్రి ముందైనా వేచి ఉండేవారికి కావలసినది ఇదే. ఎనిమిదడుగుల వసారా, స్తంభాల చుట్టూ గట్టు, తాగునీరు. బస్సు షెల్టరుకు పడమటి ముఖం, ఇనుప బెంచీ కలిశాయంటే మూడింటి తర్వాత అక్కడ ఎవరూ కూర్చోలేరు.

బడి గదులను పొడవు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలకు వచ్చేలా పెట్టండి. నల్లబల్ల తూర్పు గోడకో పడమటి గోడకో ఉంటే వెలుతురు పక్క నుంచి పడుతుంది, బల్ల మెరవదు. చిన్నపిల్లల గదిలో కిటికీ కింది అంచు నేలకు రెండడుగుల ఎత్తులో ఉండాలి. వాళ్లు కూర్చున్నప్పుడు గాలి ముఖానికి తగలాలి కదా. రేకుల కప్పు వేస్తే ఎండాకాలం వేడి ఒక్కటే కాదు, నవంబరు వానలో పంతులుగారి గొంతు వినబడదు. రేకే గతి అయితే దాని కింద వెదురు చాపలతో లోపలి కప్పు కట్టించండి, రెండు బాధలూ తగ్గుతాయి.

ర్యాంపు లెక్క తేలిక. ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. బేస్‌మట్టం అడుగున్నర అయితే ర్యాంపు పద్దెనిమిది అడుగులు, వెడల్పు నాలుగడుగులు, పక్కన కడ్డీ. దానికి చోటు ముందే ప్లానులో పెట్టాలి. చివర్లో ఇరికించిన నిట్టనిలువు వాలు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు జారుతుంది. హాలుకు రెండు తలుపులు, రెండూ బయటికే తెరుచుకోవాలి. గంగమ్మ జాతర నాడు, పెళ్లి నాడు ఎంత జనం నిండుతారో మీకు తెలుసు. వంటశాలను హాలుకు తూర్పున, కొంచెం ఎడంగా పెట్టండి. ముందు కాస్త ఖాళీ నేల వదిలితే పొంగళ్లు పెట్టుకోవడానికి వీలవుతుంది.

మేస్త్రికి అప్పగించే ముందు

నోటి మాటగా ఏదీ వదలకండి. సజ్జల కొలతలు దిక్కువారీగా, కిటికీ రకం, పడమటి గోడ మందం, మిద్దె వాలు, వాన పైపుల చోట్లు, పైకప్పు పొరలు, అన్నీ డ్రాయింగులోనూ ఒప్పంద పత్రంలోనూ ఉండాలి. అంచనాలో ముందు గోడ అలంకారానికి ఎంత, పైకప్పు రక్షణకు ఎంత అన్నది వేర్వేరు వరసల్లో రాయించండి. డబ్బు చాలకపోతే ఏ వరసను కొట్టేయాలో అప్పుడు మీకే తేలుతుంది. స్లాబు సెంట్రింగు కొట్టినరోజు మీరు అక్కడ ఉండండి. సజ్జల పలకలు బిగించేది అప్పుడే, టేపుతో కొలిచి చూడటానికి అరగంట చాలు.

పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. ఎండాకాలంలో పోసిన స్లాబుకు మళ్లు కట్టి నీళ్లు నిలపడం రోజూ సాగాలి, అందుకు ముందే సంపు కట్టుకుని ఉండటం మేలు. అక్టోబరు మొదటి వారానికల్లా పైకప్పు పొరలు, వాన పైపులు, ఇంకుడు గుంత పూర్తి కావాలి. లోపలి రంగులు, టైల్స్ ఆ తర్వాతైనా ఫరవాలేదు. మొదటి పెద్ద వాన పడినరోజు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. నీరు ఎక్కడ నిలుస్తోంది, ఏ కిటికీ దగ్గర గోడ తడుస్తోంది, పైపు నీరు గుంతలోకే పోతోందా అన్నవి ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. మేస్త్రికి ఇవ్వవలసిన ఆఖరి వాయిదా డబ్బు ఆ వాన చూశాకే ఇస్తానని ఒప్పందంలో ముందే రాసుకోండి.